ఆగ్నేయంలో రాక్షసుడు

మా పిన్నికి బందరు చెవులతోనే తెలుసు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ మారిన అద్దె ఇళ్ళన్నిటికీ వంటగది వెనకే. వీధిలో పెళ్ళి ఊరేగింపు వెళ్తే బ్యాండు వినబడేది, పెళ్ళికొడుకు కనబడేవాడు కాదు. ఇద్దరు కొట్టుకుంటే తిట్లు వినబడేవి, ఎవరు ఎవర్ని తిడుతున్నారో తెలిసేది కాదు. గరిటె పట్టుకుని వీధిగుమ్మంలోకి వచ్చేసరికి అంతా సర్దుకుని ఉండేది. ఏవైందండీ అని ఎదురింటావిణ్ణి అడిగితే, "ఏం లేదులెండి, అయిపోయింది" అనేది ఆవిడ. ప్రపంచం తన వీపు వెనకాల జరిగిపోతోందని పిన్నికి గట్టి అనుమానం.

అందుకని బాబాయి చిలకలపూడి వైపు స్థలం కొన్నాక ఆవిడ అడిగింది ఒక్కటే. వంటగదికి వీధివైపు కిటికీ. పట్టుచీర అడగలేదు, గాజులు అడగలేదు. వండుకుంటూ వీధి చూడాలి, అంతే.

చిన్న కోరికే. కాని ఆ స్థలానికి వీధి పడమర. వంటగది ఆగ్నేయంలో ఉండాలంటుంది వాస్తు. పడమర వీధి ఇంటికి ఆగ్నేయం అంటే వెనక మూల. అక్కడ కిటికీ పెడితే కనబడేది వెనకింటివాళ్ళ మరుగుదొడ్డి గోడ. అంటే పిన్ని మళ్ళీ వెనక్కే, ఈసారి సొంత ఇంట్లో.

నేను అప్పట్లో డిగ్రీ చదువుతూ వాళ్ళ దగ్గరే ఉండేవాణ్ణి. మాది దివిసీమలో, అవనిగడ్డ అవతల ఒక పల్లెటూరు. రోజూ అక్కణ్ణుంచి బస్సులో వచ్చి చదవడం కష్టమని మా నాన్న నన్ను తమ్ముడింట్లో పెట్టాడు. చదవకుండా ఉండటానికి ఏ ఊరైనా ఒకటే గాని, ఆ మాట నేను బయటపెట్టలేదు. బాబాయి ఒక ఆఫీసులో గుమాస్తా. నా చదువు కోసమని బెజవాడలో కంప్యూటర్ బిగింపించి, మానిటర్‌ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. ఉయ్యూరులో బస్సాగినప్పుడు పక్క సీటాయన "టీవీనాండీ?" అనడిగితే, "కాదండీ, మావాడి భవిష్యత్తు" అన్నాడట.

ఆ భవిష్యత్తులో నేను ఎక్కించిన మొదటి వస్తువు రాక్షసుల్ని కాల్చే ఆట. తెరమీద మన చెయ్యీ, చేతిలో తుపాకీ మాత్రం కనబడతాయి. కోటల్లో, గుహల్లో నడుస్తూ అడ్డొచ్చినవాణ్ణల్లా కాల్చుకుంటూ పోవాలి. ఒక్కో కోటా ఒక్కో లెవెల్. ఆట తయారుచేసినవాళ్ళు ఇచ్చినవి నెల తిరక్కుండా అయిపోయాయి. అప్పుడే బెజవాడలో ఒక కొట్టులో ఇంకో సీడీ దొరికింది. అట్ట మీద 'వేలాది కొత్త లెవెల్స్' అని ఉంది. ఎక్కడెక్కడివాళ్ళో తమంతట తాము కోటలు గీసి, ఎవరైనా ఆడుకోండని ఊరికే వదిలేసినవి. పనిలేనివాళ్ళు మా బందర్లోనే కాదు, ప్రపంచమంతా ఉన్నారని తెలిసి నాకు ధైర్యం వచ్చింది.

అన్ని కోటల్లో మనకి కావలసింది వెతికి తెరవడం మాటలు కాదు. నల్లటి తెరమీద బారెడు ఆజ్ఞ టైపు చెయ్యాలి. అందులో ఒక చుక్క తక్కువైతే కంప్యూటర్ మనల్ని ఎరగనట్టు కూచుంటుంది. అందుకని అదే సీడీలో ఒక చిన్న ప్రోగ్రాం పెట్టారు. ఎడంవైపు లెవెల్స్ పేర్లు. ఒకటి నొక్కితే కుడివైపు దాని బొమ్మ, బొమ్మ కింద గీసినవాడు తన గురించి చెప్పుకున్న గొప్పలు. అడుగున 'లాంచ్' అని బటన్. చీరల కొట్టులో గుమాస్తా మాదిరి, మనం ఎన్ని విప్పించినా విసుక్కోకుండా కోట తరవాత కోట పరిచేది. బటన్ పక్కన చిన్న గడి ఒకటుండేది. అందులో టిక్కు పెడితే రాక్షసులు రారు, ఖాళీ కోటలో హాయిగా తిరగొచ్చు. ఒక్కటే ఇబ్బంది. లాంచ్ నొక్కిన ప్రతిసారీ ఆ టిక్కు మాయమైపోయేది, మళ్ళీ మనమే పెట్టుకోవాలి.

ఇంటి ప్లాను నీలం కాగితం మీద వచ్చింది. బాబాయి దాన్ని మంచం మీద పరుచుకుని, నాలుగువైపుల నుంచీ చూసి, చివరికి మంచం చుట్టూ ప్రదక్షిణం చేసి, "ఈ గీతల్లో ఏం తెలుస్తుందిరా. లోపలికెళ్ళి చూసినట్టుండాలి" అన్నాడు.

"చూడొచ్చు బాబాయ్" అన్నాను. నేను నోరు మూసుకుని ఉండాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. అదొకటి.

లెవెల్స్ గీసుకునే పనిముట్టు కూడా ఆ సీడీలోనే ఉంది. మొదట్నుంచీ గియ్యాలంటే ఒళ్ళు వంగదు కాబట్టి, ఉన్న కోట ఒకటి తీసుకుని, గోడలు పడగొట్టి, బాబాయి ఇల్లు చేశాను. పాత కోటలోని రాక్షసుల్ని ఒక్కొక్కణ్ణీ తీసేశాను. ఆగ్నేయం మూల ఒకడు మాత్రం మిగిలాడు. వాణ్ణి తియ్యబోతే పనిముట్టే ఆగిపోతోంది. ఎలాగూ గడిలో టిక్కు పెడతాం కదా అని వదిలేశాను.

బాబాయి కుర్చీ లాక్కుని కూచున్నాడు. వెనక పిన్ని నుంచుంది.

"చేతిలో అదేవిట్రా?"

"తుపాకీ బాబాయ్."

"మనింట్లో తుపాకీ ఎందుకు?"

"తియ్యడం కుదరదు. ఆటతోపాటే వస్తుంది."

"లైసెన్సు గొడవ కదా" అన్నాడు ఆలోచిస్తూ. తరవాత, "తలుపు పైకి లేస్తోందేవిటి?"

"ఇందులో తలుపులన్నీ అంతే."

"వర్షాకాలం బిగుసుకుపోకుండా ఉంటే చాలు."

గోడలకి ఆ ఆటలో ఉన్న రకాలే వెయ్యాలి. పూజగదికి మంచి రాయి దొరికింది గాని దానిమీద అక్కడక్కడ పుర్రెలున్నాయి. డిజైను అని చెప్పాను. బాత్రూముకి నేల మీద నీళ్ళు కావలసి వస్తే దొరికింది ఆకుపచ్చ విషం. బాబాయి అందులో నుంచుని గోడల కొలతలు అంచనా వేస్తున్నాడు.

"ఈ మూల నెంబరు తగ్గుతోందేవిట్రా?"

"అది ఆయుష్షు. బాత్రూములో ఎక్కువసేపుంటే తగ్గుతుంది."

"ఆ ఏర్పాటు నిజం ఇంట్లో కూడా పెట్టించండి" అంది పిన్ని. "పొద్దున్నపూట ఇంట్లో మిగతావాళ్ళు కూడా ఉంటారు."

తరవాత ఆవిడ వంటగది చూపించమంది. తీసుకెళ్ళాను. కిటికీ ఎదురుగా బూడిదరంగు గోడ.

"కిటికీలోంచి ఏం కనబడుతోంది?"

"గోడ పిన్నీ."

"నిజంగా కట్టాక కూడా అదేనా?"

"అదే."

"బాగా గీశావు" అని లోపలికెళ్ళిపోయింది. నా పనితనానికి దొరికిన మెప్పుల్లో అంత బాధపెట్టింది ఇంకోటి లేదు.

సిద్ధాంతి గారు ఆదివారాలు గుడివాడ నుంచి పాసింజర్లో వచ్చేవారు. బక్కపల్చటి మనిషి, చేతిసంచీలో ఇత్తడి దిక్సూచి. ఈయన మీద బాబాయికి అపారమైన గురి. తన ప్రమోషన్ రాకపోవడానికి కారణం ఇప్పటిదాకా ఉన్న అద్దె ఇళ్ళని ఈయనే కనిపెట్టారు. అంతకుముందు బాబాయి అది తనవల్లే అనుకుని బాధపడేవాడు.

ఇల్లు కంప్యూటర్లో ఉందని విని ఆయనేం ఆశ్చర్యపోలేదు. సంచీలోంచి దిక్సూచి తీశారు. "ముందిందులో ఉత్తరం ఎటో చూద్దాం" అని దాన్ని మానిటర్ పక్కన పెట్టారు. ముల్లు గిరగిరా తిరిగి మానిటర్ పక్కనున్న స్పీకర్ వైపు చూపించి ఆగింది.

"స్పీకర్లో అయస్కాంతం ఉంటుందండీ" అన్నాను.

"ఉత్తరం ఇందులోకి వచ్చేసింది" అన్నారాయన బాబాయితో. "పెట్టె ఉండాల్సిన దిక్కులో లేదు."

కంప్యూటర్లో ఇల్లు, భూమ్మీద ఇల్లు ఒకే దిక్కుకి తిరిగి ఉంటేగాని ఆయన లోపల అడుగుపెట్టరు. పడమర గుమ్మంలోంచి లోపలికెళ్ళేవాడు తూర్పుకి చూస్తాడు కాబట్టి, మానిటర్ తూర్పు గోడకి ఉండాలన్నారు. నేనూ బాబాయీ టేబులు మోశాం. తూర్పు గోడకి ప్లగ్గు లేదు. వంటగదిలోంచి వైరు లాగి, హాలుకి అడ్డంగా వేసి, వదులుగా ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు కదలకుండా ఒకరు కాలితో తొక్కిపెట్టి ఉంచాలి. కాలు తీస్తే ఇల్లు పోతుంది. ఆటలో కుడివైపు తిరిగినప్పుడు టేబులు తిరగదు కదా అన్న సంగతి నేను గుర్తుచెయ్యలేదు. చేస్తే దాన్ని ఎవరు తిప్పాలో నాకు తెలుసు.

ఆదివారానికో మార్పు చెప్పేవారాయన. గుమ్మం జరిపేవారు, మెట్లు తిప్పేవారు. నేను మార్చిందల్లా కొత్త లెవెల్‌గా దాచేవాణ్ణి. ఆ ప్రోగ్రాంలో నెత్తుటి కోటలకీ, మృత్యు గుహలకీ మధ్య మా బాబాయి ఇల్లు వరసగా కనబడేది. గొప్పలు చెప్పుకునే చోట, 'మూడు గదులు, పడమర వీధి, కుళాయి కనెక్షన్ వచ్చింది' అని రాశాను. ఎవరైనా పొరపాటున ఆడితే నిరాశపడకూడదు కదా.

ఒక ఆదివారం పిన్ని కాఫీ ఇస్తూ మెల్లిగా అడిగింది. "వాయవ్యంలో వంటగది ఉండకూడదాండీ?" వాయవ్యం అంటే ముందు మూల. దానికి వీధి ఎదురుగానే ఉంటుంది.

"ఉండొచ్చమ్మా, గత్యంతరం లేకపోతే. మీకు ఆగ్నేయం శుభ్రంగా ఉందిగా, గత్యంతరం ఎందుకు లేదు?"

"ఆయన చెప్పారుగా" అన్నాడు బాబాయి. సమావేశం ముగిసింది.

ఆ తరవాత ఒకరోజు మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి పిన్ని కంప్యూటర్ ముందు కూచుని ఉంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద రుబ్బురోలు పొత్రం పెట్టింది. ఆ ఆలోచన మాకెవరికీ రాలేదు. తెరమీద ఆ ప్రోగ్రాం.

"ఏం చేస్తున్నావు పిన్నీ?"

"ఇళ్ళు చూస్తున్నాను."

నిజంగానే చూస్తోంది. బొమ్మలో కిటికీ కనబడితే లాంచ్ నొక్కి లోపలికెళ్ళడం, కనబడకపోతే తరవాతది. అద్దె ఇంటికి తిరిగినవాళ్ళకుండే అనుభవం ఆవిడకి బోలెడుంది.

"ఇందాక ఒకటి చూశాను. హాలు బానే ఉంది గాని పైకప్పు దిగి నెత్తిన పడుతోంది. ఇంకోదాంట్లో వంటగదిలోనే నిప్పుల చెరువు. గ్యాసు బండ అక్కర్లేదు."

"టిక్కు పెట్టుకున్నావా? లేకపోతే రాక్షసులొస్తారు."

"మొదట్లో పెట్టేదాన్ని. ఖాళీ ఇళ్ళు చూసి ఏం చేస్తాం, మనుషులుండాలి. గుమ్మంలో ఒకడు చచ్చినా కదల్లేదు నాన్నా. కాల్చాక కదిలాడు."

చివరికి ఆవిడకి నచ్చిన ఇల్లొకటి దొరికింది. కొండమీద రాతి కోట. పైన చిన్న గది, దానికో కిటికీ, కిటికీ కింద వంతెన. ఆ వంతెన మీద రాక్షసులు అటూ ఇటూ తిరుగుతుంటారు. నేను తుపాకీ ఎత్తమన్నాను. ఆవిడ ఎత్తలేదు. "ఉండు, చూడనీ" అంది. వాళ్ళకి పిన్ని కనబడటం లేదు, పిన్నికి వాళ్ళందరూ కనబడుతున్నారు. ఒకడు ఇంకొకణ్ణి గుద్దుకున్నాడు. ఇద్దరూ కొట్టుకున్నారు. పిన్ని బుగ్గన చెయ్యి పెట్టుకుని ఆ గొడవ ఆసాంతం చూసింది. మా ఇంట్లో జరిగిన ఏ శుభకార్యంలోనూ ఆవిడ మొహంలో అంత ప్రశాంతత నేను చూడలేదు.

"ఇలాంటిది కావాలి" అంది. "ఈ కొండ అక్కర్లేదు. కిటికీ చాలు."

అందుకని నేను వంటగది వాయవ్యంలో ఉన్న ఇల్లు కూడా ఒకటి చేసి పెట్టాను. ఎవరూ అడగలేదు. పక్కన ఉండనీ అనుకున్నాను.

శంకుస్థాపనకి ముహూర్తం పెట్టాల్సిన ఆదివారం వచ్చింది. ఆఖరిసారి ఇల్లంతా ఒక చుట్టు తిరిగి ఖాయం చేస్తానన్నారు సిద్ధాంతి గారు. ఆ రోజు పొత్రం పిండిలో ఉంది. కాబట్టి బోర్డు మీద నా కాలుంది. నేను కదలడానికి వీల్లేదు.

"వాడికెందుకు శ్రమ, నేను పెడతానండీ" అని పిన్ని కుర్చీలో కూచుంది. ఆగ్నేయం ఇల్లు ఎంచింది. గడి ఖాళీగా ఉండటం నాకు అంతదూరం నుంచీ కనబడుతోంది.

"పిన్నీ, టిక్కు" అన్నాను.

"కాఫీలో పంచదార సరిపోయిందాండీ?" అని సిద్ధాంతి గారిని అడుగుతూ లాంచ్ నొక్కి, లేచి ఆయనకి చోటిచ్చింది.

ఆయన చూపుడువేలొక్కటే వాడేవారు. సింహద్వారం దగ్గర ఆగి, "కుడికాలు ముందు పెట్టించు" అన్నారు.

"కాళ్ళు కనబడవండీ. కుడిదే పెట్టుంటాడు."

హాలు దాటారు. పూజగది దగ్గర పుర్రెలకి నమస్కారం చేశారు. వెనక్కెళ్ళి వంటగది తలుపు ముందు నుంచున్నారు. తలుపు పైకి లేచింది. లోపలున్నవాడు ఇటు తిరిగాడు. గోధుమరంగు ఒళ్ళు, భుజాల మీద ముళ్ళు. చేతిలో నిప్పు పుట్టించి మొహాన కొట్టాడు, ఒకటి తరవాత ఒకటి. తెర ఎర్రగా అయిపోయి, అందులో కనబడేదంతా నేలమీదికి ఒరిగింది. రాక్షసుడు వచ్చి మీద నుంచున్నాడు.

సిద్ధాంతి గారి వేలు ఇంకా మీట మీదే ఉంది.

"పోయారు" అన్నాడు బాబాయి, చిన్నగా.

"ఎవరది?" అన్నారు సిద్ధాంతి గారు.

"ఆటలో రాక్షసుడండీ. ఆ గడిలో టిక్కు పెట్టకపోతే వస్తాడు. పాత కోటలోవాడు, అక్కడే ఉండిపోయాడు."

"మిగతా గదుల్లో ఉన్నాడా?"

"లేడండీ. కాని..."

"నువ్వు పెట్టావా?"

"లేదండీ."

"తియ్యడానికి చూశావా?"

"చూశానండీ. రాలేదు."

ఆయన బాబాయి వైపు తిరిగారు. "కుర్రాడు పెట్టలేదు. తీస్తే పోలేదు. ఆగ్నేయంలోనే ఉన్నాడు."

నేను టిక్కు గురించి మళ్ళీ మొదలుపెట్టాను. "నువ్వుండరా" అన్నాడు బాబాయి. మొహం పాలిపోయింది. పెళ్ళాం వంటగదిలో రోజూ నుంచోబోయే చోటు అది. ఆ భయం వేళాకోళం కాదు.

"ఇంకోసారి చూద్దామాండీ?" అంది పిన్ని. మళ్ళీ పెట్టింది. ఈసారి ఆయన గుమ్మం పక్కనుంచి తొంగిచూశారు. తొంగిచూసినవాణ్ణి కూడా చంపుతారని ఆయనకి తెలీదు.

కాఫీ గ్లాసు కింద పెట్టి, కళ్ళు మూసుకుని కాసేపు కూచున్నారు. "వాడి చేతిలో నిప్పు చూశారా? అక్కడ అగ్ని ముందే కాపరముంది. దానిమీద మనం పొయ్యి పెడితే అగ్ని రెట్టింపు. ఇల్లాలికి మంచిది కాదు."

పిన్ని కొంగుతో చేతులు తుడుచుకుంటూ, నేలవైపు చూస్తూ, "అయితే గత్యంతరం లేనట్టేనాండీ?" అంది.

"లేనట్టేనమ్మా."

ఆవిడ కుర్చీలో కూచుని, నేను చేసి పక్కన పెట్టిన వాయవ్యం ఇంటిని వెతుక్కోకుండా నొక్కింది. సిద్ధాంతి గారు ముందు మూల వంటగదిలోకి భయం భయంగా వెళ్ళారు. ఎవరూ లేరు. కిటికీ ఉంది, కిటికీలోంచి వీధి. ఆయన అక్కడ చాలాసేపు నుంచున్నారు, బతికి ఉండటం బావుందేమో. "నిర్దోషం" అన్నారు. ఆగ్నేయాన్ని సామాన్ల గది చెయ్యమన్నారు. లేస్తూ లేస్తూ, "ఇల్లాలు మాత్రం తూర్పుముఖంగా వండాలి" అన్నారు. ఆ సంతోషంలో ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

ఆయన్ని స్టేషన్‌లో దింపడానికి బాబాయి వెళ్ళాక అడిగాను. "టిక్కు కావాలనే పెట్టలేదు కదూ?"

"టిక్కేవిటి నాన్నా? అవన్నీ నాకేం తెలుస్తాయి" అని పిండి సంగతి చూడటానికి వెళ్ళింది. పొద్దున్నే ఆవిడ ఒక గుహలో ఎనిమిదిమందిని కాల్చి వచ్చింది.

ఇల్లు కట్టారు. వీధివైపు కిటికీ పెద్దదే పెట్టారు. గృహప్రవేశం రోజు పాలు పొంగించడానికి పొయ్యి ముందు నుంచున్నప్పుడు బయటపడింది అసలు సంగతి. తూర్పుముఖంగా వండాలి కాబట్టి గట్టు తూర్పు గోడకి కట్టారు. కిటికీ పడమర. అంటే ఆవిడ వీపు వెనకాల. పిన్ని పాలవైపు చూసింది. వెనక్కి తిరిగి వీధివైపు చూసింది. మళ్ళీ పాలవైపు తిరిగేసరికి పొంగిపోయాయి. శుభం అన్నారందరూ.

వారం తిరిగేసరికి ఆవిడ కిటికీ కింద ఒక చెక్కబల్ల వేయించుకుంది. వాస్తు వండటం ఎటు తిరిగి చెయ్యాలో చెప్పింది గాని, తరగడం గురించి ఏమీ చెప్పలేదట. అప్పట్నుంచీ ఆ ఇంటికి గోరుచిక్కుడు రావడం మొదలైంది. తోటకూర, చింతచిగురు, మునగాకు. వంకాయ, దొండకాయ లాంటి తొందరగా తెమిలే కూరలు మానేశారు.

"మళ్ళీ గోరుచిక్కుడేనా?" అంటాడు బాబాయి కంచం ముందు.

"పీచుండాలన్నారు డాక్టరు గారు."

"ఎవరికి?"

"అందరికీ."

ఉద్యోగం వచ్చాక ఒకసారి వెళ్ళాను. పిన్ని బల్ల మీద కూచుని ఉంది. పక్కన మునగాకు గుట్ట. ఒక్కో ఆకూ విడివిడిగా దూస్తోంది, చూపు చేతుల మీద లేదు. నేను పక్కన కూచుని కాసేపు వీధి చూశాను. ఒక సైకిలు వెళ్ళింది. ఆవు వెళ్ళింది. ఎదురింటివాళ్ళ పనిమనిషి బయటికొచ్చి చీపురు దులిపి లోపలికెళ్ళింది.

"ఏవన్నా జరుగుతోందా పిన్నీ?"

"ఇంకా లేదు" అంది, గుట్టలోంచి ఇంకో రెమ్మ తీసుకుంటూ. "ఇంకా చాలా ఆకుందిగా."